అంజన్ గడ్డి మొలవలేదంటే ముందు లోతు చూడండి

అన్నా, అనంతపురం ఎర్రనేలలో జీవాలు మేసి బోడి అయిన బీడులో గొర్రుతో అంజన్ (మెట్ట నేలల్లో ఏళ్ల తరబడి నిలిచే పశువుల మేత గడ్డి) విత్తనం వేస్తే మొలవలేదు, లోతు దుక్కి చేయాలా అని అడిగారు కదా. దయచేసి దున్నొద్దు. మిగిలిన కాస్త పైమన్ను కూడా వానకు కొట్టుకుపోతుంది.

అంజన్ గింజ నూగులో ఉండే తేలికపాటి గింజ. సెంటీమీటరుకు మించి మన్ను కప్పితే పైకి రావడం కష్టం. గొర్రుతో వేశారంటే నా అనుమానం లోతు మీదే. పైగా కొత్తగా కోసిన విత్తనం నిద్రావస్థలో ఉంటుంది, కనీసం ఆరు నెలలు నిల్వ ఉన్నదే అడిగి తీసుకోండి.

ఈసారి వాలుకు అడ్డంగా చిన్న సాళ్లు గీయండి. ఎకరాకు సుమారు 2 కిలోల విత్తనం తడి ఇసుకలో కలిపి తొలకరికి సాళ్లలో చల్లి, పలుచగా మన్ను కప్పేలా పైన ముళ్ల కంప లాగితే చాలు.

మొదటి ఏడాది మందను అస్సలు తోలొద్దు. గింజ రాలాక కోసి మేపండి. తర్వాత బీడును భాగాలు చేసి మార్చి మార్చి మేపుతూ, దుబ్బు 10 సెంటీమీటర్లు ఉండగానే మందను పక్కకు తోలండి. గట్ల మీద పాత దుబ్బులుంటే వాటి గింజా కలపండి, అది మీ నేలకు అలవాటు పడ్డ గడ్డి.