తండ్రి అలిగాడు, కొడుకు ప్రధాని అయ్యాడు

ప్రశ్న: సార్, మా టీకొట్టు దగ్గర పెద్ద వాదన. బ్రిటిష్ ప్రధాని డిజ్రేలీ యూదుడని, ఆ సంగతి దాచి పైకొచ్చాడని ఒకాయన అంటాడు. నిజమేనా? మన సీమకు ఆయనతో సంబంధమేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: యూదుడిగా పుట్టినమాట నిజం. దాచాడన్నది ఒట్టిమాట. పేరులోనే 'ఇజ్రాయెల్' వినిపిస్తుంటే ఇంక దాచేదేముంది?

తండ్రి ఐజాక్ పుస్తకాల పురుగు, ప్రార్థనలకు పెద్దగా పోయే మనిషి కాదు. 1813లో లండన్‌లోని బెవిస్ మార్క్స్ సినగాగు (యూదుల ప్రార్థనామందిరం) వాళ్లు ఆయన్ని సంఘపెద్దగా ఎన్నుకున్నారు. వద్దన్నాడు. 40 పౌండ్ల జరిమానా వేశారు (జాతర చందా ఇవ్వనన్నోడికి మన పెద్దమనుషులు తప్పు వేసినట్టే అనుకోండి). ఆ రగడ ముదిరి, చివరికి సినగాగుతో తెంచుకున్నాడు. 1817లో పిల్లలకు బాప్తిస్మం ఇప్పించాడు, తాను మాత్రం మారలేదు. కొడుకు బెంజమిన్‌కు, అంటే మన డిజ్రేలీకి, అప్పుడు 12 ఏళ్లు.

ఆ బాప్తిస్మమే లేకుంటే? అప్పట్లో పార్లమెంటులో క్రైస్తవ విశ్వాసం మీద ప్రమాణం చేయాల్సి ఉండేది. యూదు బ్యాంకరు లయొనెల్ రోత్‌షీల్డ్ 1847లో గెలిచి కూడా 1858 దాకా సభలో కూర్చోలేకపోయాడు. డిజ్రేలీ 1837లోనే లోపలున్నాడు. యూదులకు ఆ హక్కు ఇవ్వాలని 1847లో సొంత పార్టీలో ఎక్కువమందికి ఎదురుగా నిలబడి మాట్లాడాడు. 1875లో సూయెజ్ కాలువ వాటాలకు 40 లక్షల పౌండ్లు అప్పు తెచ్చిందీ ఆ రోత్‌షీల్డ్ దగ్గరే.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. పూర్వీకులు స్పెయిన్ నుంచి వెనిస్ చేరిన గొప్ప వంశమని కాలేజీలో ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. అది డిజ్రేలీ తానే చెప్పుకున్న కథ, చరిత్రకారులు దాన్ని నమ్మరు. తాత 1748లో ఇటలీలోని చెంటో అనే చిన్న ఊరి నుంచి వచ్చాడు. అంటే దాచడం అటుంచి, ఉన్నదానికి నగిషీలు చెక్కుకున్నాడు.

సీమ సంగతా? 1876–78 కరువు ఆయన హయాంలోనే. విక్టోరియాకు 'ఎంప్రెస్' (భారత చక్రవర్తిని) బిరుదు తెచ్చిందీ ఆయనే. దాన్ని చాటడానికి 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు చేశారు. అప్పటికి కర్నూలు, కడప జిల్లాల్లో జనం కరువు పనులకు పోతున్నారు. అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉంది. ఆ నెలలోనే ఆ పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బు లెక్కకు తగ్గించారు. అంటే ధాన్యం అరకిలో కూడా లేదు.

మా జేజికి డిజ్రేలీ ఎవరో తెలీదు. వాళ్లమ్మ దగ్గర విన్న 'ధాత కరువు' (ధాత నామ సంవత్సరంలో వచ్చిన ఈ కరువే) మాత్రం బాగా తెలుసు.