ఖోఖో ఆడిన పిల్ల మంచం దిగట్లేదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, బైపీసీ. పదో తరగతి దాకా స్కూల్ ఖోఖో టీములో ఉండేది. ఇప్పటి కాలేజీలో గ్రౌండే లేదు. సాయంత్రం ఆరున్నరకి వచ్చి, బ్యాగు పడేసి, ఫోన్ పట్టుకుని మంచమెక్కితే అన్నానికి కూడా లేవదు. ఏమడిగినా చిరాకు. వాళ్ల నాన్నేమో అదంతా బద్ధకం, కాసేపు ఆడుకుంటే అదే పోతుందంటారు. దాని మనసే బాగోలేదని నాకు అనిపిస్తోంది. మొన్న అటక సర్దుతుంటే దాని ఆట బూట్లు కనిపించాయి, అడుగున ఎర్రమట్టి ఇంకా అలాగే ఉంది. మాలో ఎవరిది కరెక్ట్?
– ఒక తల్లి, మదనపల్లె

జవాబు: ఇద్దరిదీ కరెక్టేనమ్మా, చెరో సగం. మనసు బాగోకపోతే ఒళ్లు కదలదు, ఒళ్లు కదలకపోతే మనసు ఇంకా కుంగుతుంది. మీ అమ్మాయి ఈ రెండింటి మధ్యా చిక్కుకుంది. దాన్ని బద్ధకం అనొద్దని ఆయనకి చెప్పండి. ఈ వయసులో దిగులు చాలాసార్లు ఏడుపుగా కాదు, చిరాకుగా బయటపడుతుంది, మనమేమో దాన్ని పొగరనుకుని ఇంకో నాలుగు మాటలంటాం.

ఆట ఆగిపోతే పోయేది పరుగొక్కటే కాదు. స్నేహితులు, చెమట పట్టాక వచ్చే గాఢనిద్ర, 'నేనిది బాగా చేస్తాను' అన్న ధీమా, అన్నీ ఒకేసారి పోయాయి. ఆ స్థానంలోకి వచ్చింది వీకెండ్ టెస్టు ర్యాంకు. ఎవరికైనా దిగులుగానే ఉంటుంది కదా!

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ప్రాంతంలో నాలుగు వేల మందికి పైగా పిల్లలకి కదలికలు కొలిచే చిన్న పరికరం కట్టి, 12, 14, 16 ఏళ్ల వయసుల్లో చూశారు. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. రోజులో ఒక గంట అదనంగా మామూలుగా అటూ ఇటూ తిరిగినవాళ్లలో 18 ఏళ్లొచ్చేసరికి డిప్రెషన్ లక్షణాల స్కోరు 8 నుంచి 11 శాతం తక్కువగా కనిపించింది. తిరగడం వల్లే తగ్గిందని దీంతో తేల్చి చెప్పలేం గానీ, అది పరుగు పందెం కాదు, మామూలు నడకే అన్నది మీకు పనికొచ్చే మాట. ఈ వయసువాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, నిజమే, కానీ ఇప్పుడు ఆ లెక్క అమ్మాయి ముందు పెట్టకండి, భయపడిపోతుంది.

పది నిమిషాలతో మొదలుపెట్టండి. కాలేజీ నుంచి రాగానే, మంచం ఎక్కకముందే, 'డాబా మీద బట్టలు తీసుకొద్దాం రా' అని మీరూ వెళ్లండి. పైన కాసేపు నడవండి. అప్పుడు చదువు సంగతి, మార్కుల సంగతి ఎత్తొద్దు, మాట్లాడకపోయినా ఫర్వాలేదు. మూడ్ వచ్చాక లేస్తానంటుంది. ఆ మూడ్ చాలాసార్లు ముందు రాదు, లేచి నాలుగడుగులు వేశాకే మెల్లగా వస్తుంది, ఒక్కోరోజు అప్పుడూ రాదు, అయినా మర్నాడు మళ్లీ వెళ్లండి. ఆదివారం పాత టీము పిల్లల్లో ఒక్కరిని ఇంటికి పిలవండి, ఒంటరిగా చేసే వ్యాయామం కంటే అది ఎక్కువ పనిచేయొచ్చు. ఇంకో మాట, 'ఇంత పెద్దపిల్లవయ్యావు, ఇంకా ఆటలేంటి' అని ఇంట్లో గానీ ఇరుగుపొరుగు గానీ అన్నారేమో గుర్తు చేసుకోండి. చాలామంది ఆడపిల్లలు ఆ ఒక్క మాటతో ఆగిపోతారు. నెలసరి నొప్పి, రక్తహీనత ఉన్నా నీరసంగా పడుకుంటారు కాబట్టి ఒకసారి డాక్టరుకి చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

రెండు వారాలు దాటాక కూడా దిగులు తగ్గకపోయినా, తిండీ నిద్రా బాగా తేడా వచ్చినా నడకతో సరిపెట్టకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. 'బతకడం ఎందుకు' లాంటి మాట ఒక్కసారి అన్నా సరే, రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి, పిల్లని ఒంటరిగా వదలకండి. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ అడగరు.

ఆ బూట్లు మాత్రం అటక మీదే ఉంచకండి, దించి గుమ్మం పక్కన పెట్టండి. వేసుకోమని చెప్పొద్దు. ఏడాదిలో పాదం పెరిగి ఉండొచ్చు, పట్టకపోతే కొత్తవి తనతోనే వెళ్లి కొనండి.