ఇంప్రెషనిజం నుంచి క్యూబిజం దాకా ఎలా వచ్చారు?

ఇంప్రెషనిస్టు చిత్రకారులు మారే వెలుతురును పట్టుకోబోతే వస్తువు ఆకారం కరిగిపోయింది. దాన్ని మళ్లీ కట్టబోయినవాళ్లు క్యూబిజం అనే చిత్రకళా పద్ధతి దగ్గర తేలారు.

1841లో జాన్ రాండ్ తగరపు ట్యూబులకు పేటెంట్ తీసుకున్నాక నూనె రంగులు ఎండిపోకుండా బయటికి మోసుకెళ్లడం సులువైంది. ఇంప్రెషనిస్టులైన మోనే, పిసారో ఆరుబయట, ఎండ మారేలోపే, పొట్టి కుంచె గీతలతో వేశారు. నీడల్లో నలుపు బదులు నీలం, ఊదా వాడారు. 1874లో పారిస్‌లో తొలి ప్రదర్శన పెట్టారు.

ఆ తర్వాత చిత్రకారుడు జార్జ్ సెరా రంగులను చుక్కలుగా పక్కపక్కనే పెట్టాడు, చూసేవారి కంట్లో కలుస్తాయని. చిక్కేమిటంటే, నారింజ, నీలం లాంటి ఎదురు రంగుల చుక్కలు మరీ చిన్నవైతే దూరానికి బూడిదరంగుగా కనిపిస్తాయి. పైగా ఆయన చిత్రం 'గ్రాండ్ జాట్'లోని జింక్ పసుపు కొన్నేళ్లకే గోధుమరంగుకు తిరిగింది. ఇప్పుడు మనం చూసే గడ్డి రంగు ఆయన వేసినది కాదు, పాపం.

అసలు మలుపు చిత్రకారుడు సెజాన్‌ది. బల్లపై పళ్లను కాస్త పక్కకు, కాస్త పైకి జరిగి చూసినట్టు వేశాడు. అందుకే బల్లపై పరిచిన గుడ్డకు అటూ ఇటూ బల్ల అంచు ఒకే గీతలో కలవదు. అది చేతకానితనం కాదు, ఆలోచన. 1907లో ఆయన స్మారక ప్రదర్శన జరిగాక బ్రాక్, పికాసో దాన్నే ముందుకు తీసుకెళ్లి, వస్తువు పలు వైపులను ఒకే తలంపై పరిచారు; అదే క్యూబిజం. వాళ్ల 1910-12 నాటి చిత్రాల్లో గోధుమ, బూడిద రంగులే ఎక్కువ. రంగు హెచ్చితే తలాల అమరిక కంటికి ఆనదు.