తొంభై మార్కులు వస్తున్నాయి, భాగహారం రావడం లేదు

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మా అబ్బాయి ఇక్కడే ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఐదో తరగతి చదువుతున్నాడు. ఇంట్లో మేము తెలుగే మాట్లాడుకుంటాం. బడిలో తమిళం కూడా ఉంది. లెక్కల్లో ఎప్పుడూ తొంభైకి తగ్గడు. మొన్న 408 రూపాయలను నలుగురికి సమానంగా పంచమంటే, కాగితం మీద లెక్క చేసి 12 అని రాశాడు. పాఠ్యపుస్తకం గడగడా చదివేవాడు, కొత్త కథల పుస్తకం ఇస్తే నాలుగు వాక్యాలు కూడబలుక్కున్నాడు. బడిలో అడిగితే ఇంట్లో తెలుగు మానేయమన్నారు. వాణ్ణి ఇంకో ఏడాది ఇదే తరగతిలో ఉంచమని అడగమంటారా?
— ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, తొంభై మార్కులు చూసి ఊరుకోకుండా, పిల్లవాడు రాసిన కాగితం చూశారు. చాలా ఇళ్లలో ఆ పని ఎవరూ చేయరు.

ముందుగా, ఈ ఇబ్బంది మీవాడొక్కడిదే కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెటూళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి, లెక్కలు చేయించి ‘అసర్’ నివేదికలు వెలువరిస్తోంది. ఐదో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగలిగిన పిల్లలు 2018లో నూటికి 50.5 మంది; కరోనా వల్ల బడులు మూతపడిన తరువాత, 2022లో 42.8 మంది; 2024లో 48.8 మంది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 2024లోనూ 30.7 మందే. కరోనాకు ముందే సగం మంది చదవలేకపోయారంటే, తప్పంతా ఆ రెండేళ్లదే అనడం సరికాదు. ఆ సర్వేలో చెన్నై నగరం లేదు. కానీ ఈ ఊరి తరగతి గదుల్లో మీవాడి 12 లాంటి జవాబులు నేను ఎన్నోసార్లు దిద్దాను.

మరి తొంభై మార్కులు ఎలా వస్తున్నాయి? నోట్సులో రాయించిన ప్రశ్నలే పరీక్షలో వస్తే, బోర్డు మీద చేసిన లెక్కే అంకెలు కూడా మారకుండా వస్తే, జ్ఞాపకశక్తి ఉన్న పిల్లవాడికి మార్కులు రాక ఏమవుతాయి? అతను గడగడా చదివిన పాఠం చాలావరకు విని నేర్చుకున్నదే. కన్ను అక్షరం మీద లేకపోయినా నోరు సాగిపోతుంది.

ఇప్పుడు ఆ 12 దగ్గరకు వద్దాం. మీవాడు 4లో 4 ఒక్కసారి అని 1 వేశాడు. సున్నాను కిందికి దించాడు. అందులో 4 పోదు కాబట్టి భాగఫలంలో ఏమీ వేయకుండా 8ని దించి, 2 వేశాడు. అంటే అతనికి ఎక్కం వచ్చు, భాగహారం వరస కూడా వచ్చు. రానిది స్థాన విలువ, అంటే ఒక అంకె ఒకట్లలో ఉందా, పదుల్లో ఉందా, వందల్లో ఉందా అన్నది. అది రెండో తరగతిలో పట్టుబడవలసిన విషయం. నాలుగు వంద నోట్లు, ఎనిమిది రూపాయి బిళ్లలు అతని చేతికిచ్చి నలుగురికి పంచమనండి. ఒక్కొక్కరికి ఒక వంద, రెండు రూపాయలు వస్తాయి. పది నోటు ఎవరికీ రాదు. ఆ ‘పది ఎవరికీ రాలేదు’ అన్న మాటనే పదుల స్థానంలో సున్నాగా రాస్తామని అప్పుడు చెప్పండి. లెక్క మొదలుపెట్టే ముందే, ఒక్కొక్కరికి వందకు పైన వస్తుందా, లోపల వస్తుందా అని అడగడం అలవాటు చేస్తే, 12 రాసిన చెయ్యి తనంతట తానే ఆగుతుంది.

తెలుగు మానేయమన్న సలహాను మాత్రం దయచేసి పాటించకండి. ‘పదమూడు’ అన్న మాటలో పది ముందు, మూడు తరువాత వినిపిస్తాయి. అంకెలు రాసే వరస కూడా అదే. ఇంగ్లీషు ‘థర్టీన్’లో మూడు ముందు వినిపించడం వల్ల 31 అని రాసే చిన్నపిల్లలను నేను చూశాను. 2020 జాతీయ విద్యావిధానం కూడా, వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన ఉండాలని చెప్పింది. ఎక్కాలు ‘నాలుగు రెళ్లు ఎనిమిది’ అని తెలుగులో చెప్పించి, తరువాత ఇంగ్లీషులో చెప్పించండి.

ఇక పుస్తకం చదివించడానికి రోజూ ఇరవై నిమిషాలు చాలు. అతను మునుపు చూడని రెండో తరగతి స్థాయి కథ తెచ్చి, వేలు పెట్టి చదివించి, పుస్తకం మూసేసి కథ మీకు తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాట. కోప్పడకుండా మళ్లీ చదివించండి. ఐదో తరగతి వాడికి రెండో తరగతి పుస్తకమా అని నామోషీ పడవద్దు. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో 2022లో మొదలైన ‘ఎణ్ణుం ఎళుత్తుం’ (అంకెలూ అక్షరాలూ) పథకంలోనూ పిల్లలను ఎంతవరకు వచ్చో చూసి అరుంబు, మొట్టు, మలర్ అనే మూడు స్థాయిలుగా కూర్చోబెట్టి నేర్పుతున్నారు.

అదే తరగతిలో ఉంచమని అడగవద్దు. రానిది రెండో తరగతి విషయమైనప్పుడు, ఐదో తరగతి పాఠాలే మళ్లీ వింటే అది ఎలా వస్తుంది? స్నేహితులు పైకి వెళ్లిపోతే పిల్లవాడి మనసు విరుగుతుంది.

నెల రోజుల తరువాత, ఏమీ చెప్పకుండా, 609ని 3తో భాగించమనండి. 203 వస్తే నాలుగంకెల సంఖ్యలకు వెళ్లండి. 23 వస్తే నోట్లు, బిళ్లలు మళ్లీ బయటికి తీసి, ఆ కాగితం నాకు పంపండి.