మ్యాక్3 లైసెన్స్ ఫైల్ కాపీ చేసినా డెమో అనే చూపిస్తోంది, ఎందుకు?

మీది గాజువాక ఆటోనగర్ షాపులో సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్‌తో నడిచే కటింగ్ మెషిన్), దాన్ని నడిపే మ్యాక్3 ప్రోగ్రామ్‌లో 500 లైన్లు దాటిన జీకోడ్ (మెషిన్‌కిచ్చే కదలికల ఆదేశాలు) నడవట్లేదన్నారు. అది డెమో పరిమితే. అంటే ప్రోగ్రామ్‌కి లైసెన్స్ కనబడలేదు.

తొంభై పాళ్లు పేరులోనే తేడా ఉంటుంది. ఫైల్ పేరు కచ్చితంగా మ్యాక్1లిక్.డీఏటీ (Mach1Lic.dat) అనే ఉండాలి (మ్యాక్3కి కూడా 1 అంకే, కంగారుపడకండి). మెయిల్ నుంచి రెండోసారి దించితే విండోస్ చివర (1) తగిలిస్తుంది. ఎక్స్‌టెన్షన్లు (పేరు చివర చుక్క తర్వాతి అక్షరాలు) దాచి ఉంటే వెనక టీఎక్స్‌టీ (.txt) చేరినా కనబడదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూలో ఎక్స్‌టెన్షన్లు ఆన్ చేసి చూడండి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ కొడితే మాత్రం ఫైల్ చెడిపోయే ప్రమాదముంది, మెయిల్‌లోంచి మళ్లీ దించుకోండి.

మ్యాక్3 మూసేసి, ఆ ఫైల్‌ని సీ డ్రైవ్‌లోని మ్యాక్3 ఫోల్డర్‌లోనే పెట్టండి, లోపలి సబ్‌ఫోల్డర్లలో కాదు. తెరిచాక హెల్ప్‌లో అబౌట్ నొక్కితే మీ పేరు రావాలి.

మన ఉప్పుగాలికి షాపు పీసీ బోర్డులు తొందరగా తుప్పు పడతాయి. లైసెన్స్ ఫైల్ కాపీ ఒకటి ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మెయిల్‌లో ఉంచండి. మ్యాక్3 ఫోల్డర్‌లోని ఎక్స్‌ఎంఎల్ ప్రొఫైల్ (మీ మెషిన్ సెట్టింగుల ఫైల్) కూడా కాపీ చేయండి. స్టెప్స్ పర్ యూనిట్ (ఎంత దూరానికి మోటారు ఎన్ని అడుగులు వేయాలన్న లెక్క), పిన్ సెట్టింగులు (ఏ సిగ్నల్ ఏ పిన్‌కన్నది) అందులోనే ఉంటాయి.