కెమెరాలో కన్ను పెట్టి అడుగు వేయొద్దు

చిన్నీ,

నువ్వు జీతంలో దాచుకుని కెమెరా, పెద్ద లెన్సు కొన్నావనీ, వానలు తగ్గాక తలకోనకు పోతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల అడవిలో ఫొటోలు తీస్తుందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ వెంటనే పాము గుర్తొచ్చి, రాత్రి నిద్ర పట్టలేదు.

భాకరాపేట దగ్గర బడిలో పనిచేసినన్నాళ్లూ కర్రతో గడప కొట్టందే బయట కాలు పెట్టలేదు నేను. ఆ భయం ఇప్పటికీ అట్లే ఉంది. అయినా పేపర్లో అడవి జంతువు ఫొటో కనిపిస్తే కత్తిరించి దాచుకుంటాను. పామును నింపాదిగా చూసింది కూడా ఫొటోలోనే. రక్తపింజర వీపు మీద గొలుసులా సాగే మచ్చలు, కట్లపాము నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల పట్టీలు అట్లా చూసే గుర్తుపెట్టుకున్నాను. నేను పోలేని చోటికి ఎవరో పోయి, ఓపిగ్గా కూర్చుని తెచ్చిన ఫొటోలవి. వాళ్లంటే నాకు చాలా గౌరవం. అందుకే నిన్ను వద్దనడం లేదు.

అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోవద్దు. ఎర్రచందనం దొంగల వల్ల తలకోన ఉన్న శేషాచలం అడవుల్లో ఎవరు తిరిగినా అనుమానంగానే చూస్తారు. చీలమండ దాకా వచ్చే బూట్లు, మందపాటి ప్యాంటు వేసుకో. పెళ్లికీ చెప్పులే, కొండకూ చెప్పులే అంటే ఈసారి ఊరుకోను.

అసలు భయం నీ కన్ను గురించి. బెట్టుడుత, అదే అడవిలో ఉండే పెద్ద ఉడుత, కొమ్మ మీద దూకుతుంటే నువ్వు కెమెరాలోంచి పైకి చూస్తూ, ఫ్రేము కోసం వెనక్కి అడుగేస్తావు. ఆ అడుగు ఎక్కడ పడుతుందో ఎవరు చూస్తారు? కెమెరా దించి, నేల చూసి, అప్పుడు కదులు. బంగారు బల్లి రాతి సందుల్లో ఉంటుంది, పాములూ అక్కడే దాక్కుంటాయి. సందులో చెయ్యి పెట్టొద్దు, లైటు వేసి దూరం నుంచే చూడు. పెద్ద కళ్లతో చెట్ల మీద తిరిగే దేవాంగపిల్లి కోసం రాత్రి తిరిగితే టార్చి నేల మీదే ఉండాలి.

మీ చిన్నతాత కాలు గురించి నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. శనక్కాయలు పెరికే రోజులు. కుప్ప ఎత్తబోతే కింద ఉన్న రక్తపింజర పాదం మీద కరిచింది. అందరూ పరిగెత్తుకొచ్చారు. ఒకాయన ఎద్దుల పగ్గం తెచ్చి మోకాలి కింద బిగించి కట్టాడు. ఇంకొకాయన బ్లేడుతో కోశాడు. తర్వాత పక్క ఊళ్లో మంత్రం వేసే మనిషి దగ్గరికి బండి కట్టారు. అక్కడ పసరు పోసి, తెల్లారేదాకా కట్టు విప్పొద్దన్నారు. నేను చిన్నపిల్లను, మా అమ్మ పక్కనే కూర్చుని ఉన్నాను. రాత్రంతా ఆయన "కట్టు వదులు చేయండి" అని బతిమాలుతూనే ఉన్నాడు. బాగు కోరేవాళ్లే, ఒక్కరూ విప్పలేదు. మర్నాడు ఆసుపత్రికి చేర్చేసరికి కాలు నల్లబడింది. మందు ఎక్కించి ప్రాణం నిలిపారు గానీ మోకాలి కింద తీసేశారు. రక్తం ఆడక, విషమంతా ఒకేచోట నిలిచి కండ కుళ్లిందని డాక్టరు చెప్పారు. మీ చిన్నతాత పామును ఏనాడూ తిట్టలేదు. పగ్గం చూస్తే మాత్రం మొహం తిప్పుకునేవాడు.

కాబట్టి నీ వెంట వచ్చేవాళ్లకు ముందే చెప్పు. కట్టు వద్దు, కోత వద్దు, నోటితో పీల్చడం వద్దు. ఉంగరం, వాచీ తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కు ఫోన్ చేసి, పాము విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఘాట్ రోడ్డు దిగి తిరుపతి చేరడానికే చాలాసేపు పడుతుంది, మంత్రానికీ పసరుకూ టైం లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మన దగ్గర ఇచ్చేది ఒకటే మందు. కరిచిన పామును పట్టుకోనక్కర్లేదు, ఫొటో తీయడానికి దాని దగ్గరికీ పోవద్దు. కట్లపాము కాటుకు నొప్పి కూడా తెలియకపోవచ్చు. రాత్రి ఉండాల్సి వస్తే నేల మీద పడుకోకు, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకో. తెల్లారి ఎవరికైనా కడుపునొప్పి వచ్చినా, కనురెప్పలు వాలిపోతున్నా ఆలస్యం చేయొద్దు.

నన్నడిగితే మొదట నేలపట్టు పక్షుల అభయారణ్యానికి పో. చలికాలంలో గూడబాతులు చెట్ల మీద గూళ్లు పెట్టి పిల్లలకు మేత పెడుతుంటాయి. అక్కడ చెయ్యి కుదిరాక తలకోన.

బయల్దేరే ముందు మా ఇంటికి రా. మీ పెదనాన్న టార్చి ఉంది, కొత్త బ్యాటరీలు వేయించి పెడతాను. రాత్రికి ఎక్కడ ఉంటావో కాగితం మీద రాసి నాకిచ్చి పో. పాము ఫొటో తీస్తే అది కూడా తీసుకురా, దాచకు. నీ పక్కన కూర్చుని చూస్తాను.

మీ పెద్దమ్మ