పదో రోజు అమ్మ గాజులు పగలగొట్టకుండా ఆపడం ఎలా?

నాన్నగారు పోయి ఆరు రోజులైంది, పదో రోజు తంతు జరగాల్సిందేనని పెద్దవాళ్లు పట్టుబడుతున్నారు, ఎలా ఆపాలి అని అడిగారు. ఆపాల్సింది పదో రోజు కాదండీ, ఎనిమిదో రోజు. తెల్లవారుజామున పెరట్లో పీట వేశాక ఎవరు నోరెత్తినా అది రచ్చే. ఆ రచ్చ మధ్యలో కూర్చునేది అమ్మే.

ముందు అమ్మను ఎవరూ లేనప్పుడు అడగండి. పదిమందిలో అడిగితే "మీ ఇష్టం" అంటుంది, ఆ మాట లెక్కలోకి రాదు. కొందరు తాళి ఒక్కటి తీసేసి గాజులు, బొట్టు ఉంచుకుంటారు. కొందరికి అన్నీ తీసేస్తేనే మనశ్శాంతి. ఆవిడ ఏదంటే అది. మీ ఆదర్శం కోసం వద్దన్న నుదుట బొట్టు పెట్టడం కూడా జులుమే.

తర్వాత పురోహితుణ్ణి "గాజులు తీయకపోతే కర్మ ఆగుతుందా?" అని సూటిగా అడగండి. కర్త చేసే పిండప్రదానం వేరు, ఆడవాళ్లు చేసే ఈ తంతు వేరు. చాలామంది "అది మీ ఇంటి ఆచారం" అని తప్పుకుంటారు. మీకు కావాల్సింది సరిగ్గా ఆ మాటే. దాంతో మేనత్త దగ్గరికి వెళ్లండి. బాబాయిలతో వాదన దండగ, ఈ విషయంలో తీర్పు ఆవిడదే. "మనవాళ్లలో ఎక్కడా లేదు" అంటే మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ అనే ఊరి సంగతి చెప్పండి. 2022 మేలో ఆ ఊరి పంచాయతీయే ఈ ఆచారాలు వద్దని తీర్మానించింది. రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం చేయించింది 1881లో. ఇన్నేళ్లయినా మనం ఇంకా గాజుల దగ్గరే ఉన్నాం. భర్త పోయినావిడ ఎదురొస్తే ఆగిపోయేవాళ్లు ఆవిడ వండిన పులిహోర మాత్రం మారు వడ్డించుకుంటారు.

అసలు జరిగేది చూడండి. ముందురోజు సాయంత్రం తలనిండా పూలు, చేతినిండా గాజులు. తెల్లారకముందే రెండు చేతులూ పట్టుకుని ఒకదానికొకటి కొట్టిస్తారు, లేదా రాయితో పగలగొడతారు. పెంకులు మణికట్టులో దిగుతాయి. షుగరున్నవాళ్లకి ఆ గాటు త్వరగా మానదు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకి నెత్తురు త్వరగా ఆగదు. ఆ రాయి పట్టుకునేది కూడా ఒకప్పుడు అదే పీట మీద కూర్చున్నావిడే.

అమ్మే తీసేద్దామంటే ముందురోజు రాత్రే సబ్బునీళ్లతో మెల్లగా తీయించండి, పగలగొట్టనివ్వకండి. మెట్టెలు ఏళ్ల తరబడి వేలికి పట్టేసి ఉంటాయి, లాగితే చర్మం లేస్తుంది. కాళ్లు కాసేపు ఎత్తుమీద పెట్టించి, కొబ్బరినూనె రాసి తిప్పుతూ తీయాలి. రాకపోతే కంసాలిని పిలిచి కత్తిరించండి.

కాగితాల సంగతి కూడా. మరణం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. వీలునామా లేని స్వార్జితంలో హిందువులకు భార్య, పిల్లలు, పోయినాయన తల్లి ఉంటే ఆవిడ, అందరికీ సమాన వాటా. నానమ్మ సంగతి చాలామంది మర్చిపోతారు. అమ్మ తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆవిడ వాటా పోదు. పదకొండో రోజు "హక్కు విడుదల" కాగితం ఎవరు తెచ్చినా సంతకం పెట్టించకండి.

తాళి తీసి పాలగిన్నెలో వేసే ఇళ్లున్నాయి. మీదీ అలాంటిదైతే ఆ పుస్తెలు అప్పటికప్పుడే కడిగి అమ్మ చేతికివ్వండి. ఆ హడావుడిలో గిన్నె ఎవరు తీశారో ఎవరికీ గుర్తుండదు.